కుడి మీట కింద నాలుగోది

ఆమె ముందు కుర్చీలో ఎవరు కూర్చున్నా మొదట వినపడే మాట ఒకటే. "నీ కాగితం నువ్వే సదువు నాయనా. నేను సదివితే తప్పు పోతాది."

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, చెప్పుల అంగడి మీది అంతస్తులో ఉన్న నెట్ సెంటరులో ఏళ్ళ తరబడి ఆ మాట వినపడింది. పింఛను దరఖాస్తుకు వచ్చిన ముసలాయనైనా, డిగ్రీ చదివే పిల్లైనా, తన కాగితం తానే బిగ్గరగా చదవాలి. చదువు రానివాళ్ళకు వెనక బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఎవరో ఒకరు చదివిపెట్టాలి. ఆమె తల కొంచెం పక్కకు తిప్పి, వింటూ టైపు చేసేది. వేళ్ళు మాత్రం ఆగేవి కావు. టైపు చేయడం అయిపోయాక "ఇప్పుడు అద్దంలో ఉండేది సదువు" అనేది. కంప్యూటరు తెరను ఆమె అద్దం అనేది. అద్దంలో ఉన్నదీ కాగితంలో ఉన్నదీ ఒకటే అని చదివినవాళ్ళు ఒప్పుకుంటేనే దరఖాస్తు ముందుకు కదిలేది.

"టైపు మేడం శానా ఖచ్చితం" అని ఊళ్ళో అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ సెంటరు ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూటు. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా, నేర్పిన ఆమె అక్కడే ఉండిపోయింది. పేరు కూడా టైపు మేడంగానే ఉండిపోయింది.

మొన్న బుధవారం ఆమె చెల్లెలు నందికొట్కూరు నుంచి ఫోన్ చేసింది. నేను హైదరాబాదులో, ఆఫీసులో ఉన్నాను.

"అక్క పోయింది నాయనా. శనివారం మా చర్చిలో ఆదరణ కూడిక. నువ్వు తప్పకుండా రావల్ల. నీ మాట శానా చెప్తాండె" అంది.

ఏం చెప్పేదో అడగలేదు. వస్తానన్నాను.

*

నేనామెను మొదట చూసింది ఇంటరు అయిపోయి, ఇంజనీరింగు సీటుకు దరఖాస్తు పెట్టుకోవడానికి పోయినప్పుడు. అందరిలాగే నా కాగితం నేనే చదివాను. పుట్టిన తేదీ దగ్గరికొచ్చేసరికి ఆమె చేయి ఆపింది.

"ఆ తేదీ ఇంగోసారి చెప్పప్పా."

చెప్పాను.

"మొదట చెప్పింది వేరే. నీ గొంతు తడబడింది. పది సర్టిఫికెట్టు తీసి సదువు."

తీసి చదివితే నేను చెప్పిన రెండు తేదీలూ తప్పే. ఇంట్లో అందరూ అనుకునే తేదీ ఒకటి, బడిలో రాయించింది ఇంకొకటి. నేను ఒకదాని రోజు, ఇంకొకదాని నెల కలిపి, రెండుసార్లు రెండు రకాలుగా చెప్పాను. అదే వారం నాతో చదివిన ఇంకొకడు ఇలాంటి తేడాతోనే కౌన్సెలింగులో సీటు పోగొట్టుకున్నాడు. నాకు సీటు వచ్చిందంటే ఆమె చెవి వల్లే వచ్చింది. అప్పుడు ఆ సంగతి ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను.

సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ సెంటరుకు పోయేవాణ్ణి. మధ్యాహ్నాలు జనం పలచబడ్డాక ఆమె పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాణ్ణి. ఆమెకు నవ్వు తొందరగా వచ్చేది. నవ్వినప్పుడు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మరువం, కనకాంబరాలు కలిపి కట్టిన దండ ఎప్పుడూ జడలో ఉండేది. ఎవరైనా కంప్యూటరును విసుగ్గా కొడితే మాత్రం ఊరుకునేది కాదు. "అది నీ ఎద్దు కాదు, కొడితే నడిచేకి" అనేది.

ఒకరోజు హాల్‌టికెట్టు తీయించుకుని, "ఫోటో సరిగా పడిందా మేడం?" అని ఆ కాగితం ఆమె చేతికిచ్చాను. నిదానంగా చూసింది.

"బాగా పడిండాది" అంది.

కాగితం తలకిందులుగా ఉంది.

నేను మాట్లాడలేదు. ఆ మౌనం ఆమెకు వినపడింది. కాగితాన్ని వేళ్ళతో అటూ ఇటూ తడిమి, ఒళ్ళో పెట్టుకుంది.

"కనిపెట్టినావా?" అంది మెల్లగా.

అప్పుడు చెప్పింది. చూపు నడిమధ్యలో ఒక మబ్బు మచ్చ ఉందట. దేన్ని నేరుగా చూస్తే అది ఆ మచ్చలో మునిగిపోతుంది. పక్కన ఉండేవి మసక మసకగా తెలుస్తాయి. మనిషి వస్తే ఆకారం తెలుస్తుంది, మెట్లు తెలుస్తాయి, అక్షరం మాత్రం తెలియదు. కంటి వెనక పొర పాడైందనీ, అద్దాలతో కుదిరేది కాదనీ కర్నూలులో డాక్టరు చెప్పాడట. ఏడేళ్ళుగా అక్షరం చూడకుండానే ఊరందరి దరఖాస్తులూ టైపు చేస్తోంది. "నీ కాగితం నువ్వే సదువు" అన్న మాటలోని ఖచ్చితత్వమంతా అందుకే.

"మరి మౌసు? మెనూలో ఏది ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది మేడం?"

మౌసు కుడి మీట నొక్కితే తెర మీద చిన్న పట్టీ ఒకటి తెరుచుకుంటుంది కదా, వెనక్కి పో, ముందుకు పో, దాచుకో, అచ్చు వెయ్యి, అడుగున మళ్ళీ తెరువు అని. ఆమె నా చేతిని మౌసు మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టింది. కుడి మీట నొక్కి కిందికి జరిపింది. జరిపే కొద్దీ ఒక్కొక్క వరస నీలంగా మారుతూ పోయింది. ఆ నీలం చార మాత్రం ఆమెకు పక్కచూపులో తెలిసేది.

"ఎనక్కి. ముందుకి. దాచు. అచ్చు." ఎక్కం చెప్పినట్టు చెప్పింది. "నాలుగోది అచ్చు. అక్షరాలెందుకప్పా? వరస తెలిస్తే సాలు."

కీబోర్డు మీటలతో కూడా అచ్చు వేయొచ్చు కదా అన్నాను. "ఈ ఆరు కంప్యూటర్లలో ఒకదానికి కంట్రోల్ మీట ఉంటే ఇంగోదానికి లేదు. మౌసైతే అన్నిట్లోనూ ఒగటే" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎవురికీ చెప్పొద్దప్పా. ఈ పని దప్ప నాకు ఇంగోటి రాదు. ఓనరు మంచోడే గానీ, కండ్లు లేనామెను యాడన్నా పెట్టుకుంటారా?" అంది.

చెప్పనన్నాను. ఆమె అడగకపోయినా ఆమె అరచేయి చాపించి, అందులో చెయ్యి వేసి చెప్పాను.

*

చదువైపోయాక హైదరాబాదులో బ్రౌజరు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పెద్ద కంపెనీ కాదు. పాత కంప్యూటర్లలో కూడా చురుగ్గా నడుస్తుందని దాన్ని ఆత్మకూరు సెంటరులో నేనే పెట్టించాను. మెనూ వరస పాతదే కాబట్టి ఆమెకు ఇబ్బంది రాలేదు. "మనోడు చేసిండేది" అని వచ్చినవాళ్ళకు చెప్పేది.

మూడో ఏడు నాకొక పని అప్పగించారు. కుడి మీట పట్టీలో జనం తమకు కావలసింది వెతుక్కోవడానికి చాలాసేపు తడుముకుంటున్నారు. దాన్ని మార్చి, వేగంగా వాడుకునేలా చెయ్యాలి. నేను మొదట చేసిన పని ఆత్మకూరు పోయి, సెంటరుకు వచ్చేవాళ్ళు ఎంతసేపు తీసుకుంటున్నారో కొలవడం. పదిమందిని కొలిచాను. వాళ్ళందరికంటే ఆమెదే వేగం, దరిదాపుల్లో ఎవరూ లేరు. కళ్ళున్నవాళ్ళు పట్టీని పైనుంచి కిందికి చదువుకునేలోగా ఆమె నొక్కేసేది. ఆ చేతి వీడియో తీసుకుపోయి ఆఫీసులో చూపించాను.

మా మేనేజరు రెండుసార్లు వేయించుకుని చూసి, "ఎలా చేస్తోంది?" అని అడిగింది.

అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్క మాట. ఆమె చూడటం లేదు, లెక్కపెడుతోంది. వరస కదలదు కాబట్టే ఇంత వేగం. పేరు చెప్పకుండా కూడా ఆ మాట చెప్పొచ్చు. "బాగా అలవాటు" అని ఊరుకున్నాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. అప్పటికే నా దగ్గర ఒక ఆలోచన ఉంది. ఎవరు దేన్ని ఎక్కువగా వాడితే అది దానంతటదే పైకి ఎక్కే పట్టీ. ఆమె వేగానికి కారణం చెబితే నా ఆలోచన అక్కడే చచ్చిపోయేది.

పట్టీ తయారైంది. మళ్ళీ కొలవాలన్నారు. మళ్ళీ ఆత్మకూరు పోయాను. అందరి వేగమూ పెరిగింది. ఆమె చేయి మాత్రం గాలిలో ఆగింది. నొక్కింది, తప్పు. మళ్ళీ నొక్కింది, మళ్ళీ తప్పు.

"వరస మారిందే అప్పా" అంది.

"రెండు రోజుల్లో అలవాటైపోతుంది మేడం."

"అలవాటైనాక మళ్ళ మారదా?"

మారుతుంది. దాని పనే అది. "చూస్తాను" అన్నాను. తిరుగు బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, కొలతలు రాసుకున్న పట్టికలోంచి ఆమె అంకెలు తీసేశాను. ఒక్కరే కదా, ఆమె సంగతి వేరు కదా అనుకున్నాను. మొదటిసారి ఆమె లెక్క నాకు పనికొచ్చింది కాబట్టి ఉంచాను. రెండోసారి పనికిరాలేదు కాబట్టి తీసేశాను. మిగిలిన అంకెలు చాలా బాగున్నాయి. ఆ పట్టీ మీదే నాకు ప్రమోషను వచ్చింది.

కొత్త పట్టీ విడుదలై అన్ని కంప్యూటర్లలోకీ దానంతటదే చేరాక ఆమె ఒకసారి ఫోన్ చేసింది. "వరస కదలకుండా నిలబెట్టే దావ ఏమన్నా ఉండాదా అప్పా?" అని అడిగింది. పనిలో ఉన్నాను, మళ్ళీ చేస్తానన్నాను. చేయలేదు.

*

రెండు నెలల తర్వాత సెలవు మీద ఇంటికి వచ్చి, నా పట్టీ జనం చేతుల్లో ఎలా నడుస్తోందో చూద్దామని సెంటరుకు పోయాను. గర్వంగానే పోయాను. ఆ వారమంతా డిగ్రీ ఫలితాలు. పిల్లలు వచ్చి, ఫలితం వచ్చిందా వచ్చిందా అని పేజీని మళ్ళీ మళ్ళీ తెరుస్తూనే ఉన్నారు.

ఆమె ముందు ఒక అమ్మాయి, పక్కన వాళ్ళ నాయన. నల్లమల అంచు పల్లె నుంచి వచ్చారు. నర్సింగు కోర్సుకు దరఖాస్తు. ఆ సాయంత్రం ఐదుతో గడువు ఆఖరు. అమ్మాయి చాలా నిదానంగా, ఒక్కొక్క అక్షరం తప్పు పోకుండా చదివింది. అద్దంలో ఉండేది కూడా చదివింది. అంతా సరిగ్గా ఉంది. పంపే ముందు ఒక ప్రతి అచ్చు తీసుకుని, సంతకం పెట్టి, దాన్ని మళ్ళీ సైటులోకి ఎక్కించాలి. నేను పక్క కంప్యూటరు దగ్గర టీ తాగుతూ ఉన్నాను. ఆమె గొణుగుడు వినపడింది.

"ఎనక్కి. ముందుకి. దాచు. అచ్చు."

గడువు తొందరలో పాత లెక్క ప్రకారమే నాలుగోది నొక్కింది.

పిల్లలు వారం రోజులుగా అదే కంప్యూటరులో నొక్కి నొక్కి, అడుగున ఉండే 'మళ్ళీ తెరువు'ను నాలుగో చోటికి ఎక్కించి ఉన్నారు. పేజీ ఒక్కసారి తెల్లబడి, ఖాళీ గళ్ళతో మళ్ళీ తెరుచుకుంది. గంటన్నర టైపు చేసిందంతా పోయింది.

"అంతా పాయ!" అంది అమ్మాయి.

టైము నాలుగున్నర. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. అంత వేగంగా ఆమె టైపు చేయడం నేనెప్పుడూ చూడలేదు. కానీ చివరి గంట కాబట్టి ఆ సైటు ఒక్కో పేజీకి నిమిషాలు తీసుకుంటోంది. సగం కూడా కాకముందే ఐదైంది. గడువు ముగిసిందని తెర మీద వచ్చింది. అమ్మాయి దాన్ని చదివి వినిపించి, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ నాయన సర్టిఫికెట్లు ఒక్కొక్కటే సంచిలో పెట్టుకుంటూ ఉన్నాడు.

ఓనరు లోపలి గది నుంచి వచ్చాడు. సంగతి విని నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, నీ కంపెనీదే గదా ఇది? ఏం జేసినారు దీన్ని? మేడం చేతిలో ఇన్నేండ్లలో ఒగ దరఖాస్తు పోలే. నీ కొత్తది వచ్చినప్పటి నుంచి అందరూ పరేషాన్. పాప బతుకు పాయ గదప్పా!"

సెంటరులో ఆరేడుగురున్నారు. అందరూ నన్నే చూస్తున్నారు. తప్పు నాదే అని నాకు తెలుసు. ఆ గదిలో అది తెలిసినవాళ్ళు ఇద్దరే, నేనూ ఆమె. ఆమె నోరు విప్పలేదు.

"మెనూలో తప్పేం లేదన్నా" అన్నాను. "మేడంకు కళ్ళు కనపడవు. అక్షరాలు చూడకుండా లెక్కపెట్టి నొక్కుతుంది."

ఓనరు ఆమె మొహం వైపు చూశాడు.

"నిజమా మేడం?"

ఆమె లేచి నిలబడింది. కీబోర్డు మీద కప్పే గుడ్డను తడుముకుని తీసి, నాలుగు మూలలూ సరిచేసి కప్పింది.

"నిజమే రెడ్డీ. ఆయప్ప చెప్పింది నిజమే" అంది.

తర్వాత ఆ అమ్మాయి ఉన్న వైపు తల పక్కకు తిప్పి, "తప్పు నాదే పాపా. నన్ను క్షమించు తల్లీ" అంది. పర్సు చంకలో పెట్టుకుని, మెట్ల గోడను పట్టుకుంటూ దిగిపోయింది. నేను ఆమె వెంట పోలేదు. ఓనరుకు ఆ మెనూ ఎంత శాస్త్రీయంగా చేశామో వివరిస్తూ ఉన్నాను.

చెప్పాల్సిన చోట మాటిచ్చానని దాచాను. చెప్పకూడని చోట చెప్పేశాను. రెండుసార్లూ నన్ను నేను కాపాడుకోవడానికే.

*

ఆమె మళ్ళీ సెంటరుకు పోలేదని మా అమ్మ చెప్పింది. ఓనరు మనిషిని పంపినా రాలేదట. కొన్నాళ్ళకు ఆత్మకూరులో గది ఖాళీ చేసి నందికొట్కూరులో చెల్లెలి ఇంటికి పోయింది.

నేను ఆఫీసులో ఒక పని మాత్రం చేశాను. పట్టీ వరస కదలకుండా నిలబెట్టుకునే వీలు ఒకటి పెట్టించాను. ఎందుకని అడిగితే, కొందరు వాడుకదార్లు అడుగుతున్నారని చెప్పాను. ఆ తర్వాత ఏడాదికి, ఆ సంగతి చెబుతానన్న వంకతో నందికొట్కూరు పోయాను. క్షమించమని అడగాలని పోయాను.

ఆమె వసారాలో కూర్చుని చేటలో శెనక్కాయలు వొలుస్తోంది. నా అడుగు విని, "ఏమప్పా, బాగుండావా?" అంది, నేను మాట్లాడక ముందే. ఉద్యోగం గురించి అడిగింది. ప్రమోషను సంగతి విని సంతోషించింది. ఆమెకు ఆ మాట ఎత్తడం ఇష్టం లేనట్టుగా, నేను గొంతు సవరించుకున్నప్పుడల్లా ఏదో ఒకటి అడుగుతూ ఉంది. చివరికి వరసను నిలబెట్టే వీలు పెట్టానని చెప్పాను.

"అట్లనా! యాడ పెట్టినావు?"

"సెట్టింగుల్లోకి పోవాలి మేడం. అందులో అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది. దాని అడుగున ఇంకో పేజీ తెరుచుకుంటుంది. అందులో చివర..."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. నిజంగానే నవ్వింది, వెక్కిరింత లేదు.

"కండ్లుండేవాళ్ళకే కనపడని చోట పెట్టినావు గదప్పా!"

నేనూ నవ్వాను. నవ్వు అయిపోయాక అడగొచ్చు అనుకున్నాను. ఆమె వొలిచిన గింజలు ఒక పొట్లం కట్టి, "అమ్మకియ్యి" అని చేతిలో పెట్టింది. బస్సు టైమైందని లేచాను.

*

శనివారం కూడికకు పోయాను. చర్చి నిండా జనం. సగం మంది ఆమె దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళు, దరఖాస్తులు పెట్టించుకున్నవాళ్ళు. పాటలయ్యాక పాస్టరుగారు నన్ను చూపించి, "మన మేడం దగ్గర దరఖాస్తు పెట్టి, ఈరోజు అంత పైకొచ్చిన తమ్ముడు రెండు మాటలు చెప్తాడు" అన్నారు. జరిగింది చెప్పేద్దామనే లేచాను. మైకు ముందు నిలబడి, ఆమె చాలా మంచి మనిషి అనీ, నాకు సీటు వచ్చింది ఆమె వల్లేననీ చెప్పి కూర్చున్నాను. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

భోజనాల దగ్గర చెల్లెలు నన్ను వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఆమె కూడా అక్కలాగే తల కొంచెం పక్కకు తిప్పి మాట్లాడుతోంది. అది చూపు వల్లో, అలవాటు వల్లో అడగలేకపోయాను.

"ఒగ మాట అడుగుతా నాయనా. నువ్వు ఆ సెంటరుకు పోతాంటివి గదా. అక్క కండ్ల సంగతి ఇంట్లో మాకు దప్ప ఎవురికీ తెల్దు. ఓనరుకు ఎవురు చెప్పినారో ఏమో, ఆయమ్మ సచ్చేదాకా చెప్పలే, ఆ ఊర్లో ఎవుర్నీ అడగనియ్యలే. ఎన్నితూర్లు అడిగినా, 'ఎవురో లేమ్మా, పాపం, తెలీక అనింటారు' అనేది. నీకేమన్నా తెలుసునా?"

"తెలీదమ్మా" అన్నాను.

"పోనీలే" అని ఆమె నా విస్తరి వైపు చూసింది. "కూర అయిపాయనే. ఇంగ రవ్వంత ఏయించనా?"

వేయించమన్నాను. వేస్తే తిన్నాను.